పరిశీలన గృహాల్లో వ్యాయామ గంట: సిబ్బంది స్వచ్ఛంద సేవకు చట్టం చూపిన దారి

ములకలపల్లి (భద్రాద్రి కొత్తగూడెం జిల్లా): నేరారోపణపై ప్రభుత్వ సంరక్షణలోకి వచ్చిన బాలలకు ప్రతిరోజూ వ్యాయామం, ఆటలు ఉండాలని బాల న్యాయ చట్టం, దాని కింద రూపొందిన ఆదర్శ నియమాలు నిర్దేశిస్తున్నాయి. అయితే ఇందుకోసం నియమాలు చూపిన వ్యాయామ, యోగా శిక్షకుని పోస్టు పార్ట్ టైమ్ పోస్టు మాత్రమే. శిక్షకుడు రాని వేళల్లో గృహంలోని సిబ్బందిలో ఒకరు తమ విధులకు అదనంగా, స్వచ్ఛందంగా ముందుకు వస్తేనే ఆ గంట నిలుస్తుంది. తాళం చెవులు ఎవరి చేతిలో ఉంటాయో వారే మైదానంలో వ్యాయామం చేయించేటప్పుడు, అది శిక్షగా మారకుండా చూడవలసిన బాధ్యత కూడా సంస్థపై ఉంటుంది. ఈ సేవ ఎలా సాగాలో, చట్టం ఎక్కడ హద్దు గీసిందో అధికారుల, పాత్రికేయుల సమాచారార్థం ఈ వ్యాసంలో వివరించడమైనది.

ఏజెన్సీ బాలలకు ఈ గంట ఎందుకు ముఖ్యం

ములకలపల్లి మండలం 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేంత వరకు ఖమ్మం జిల్లాలో భాగంగా ఉండేది. ప్రస్తుతం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్న ఈ మండలం షెడ్యూల్డు ప్రాంతానికి చెందినది. కోయ గిరిజనులు అధికంగా నివసించే ఈ అటవీ ప్రాంతంలో పిల్లలు చిన్ననాటి నుంచే ఆరుబయట పెరుగుతారు. పశువుల వెంట తిరగడం, వాగు దాటి బడికి పోవడం, చేనులో పెద్దలకు సాయపడడం వారి దైనందిన జీవితం. కాళ్లకు ఇంతటి కదలిక అలవాటైన బాలుడు ఏదో ఒక ఆరోపణపై నాలుగు గోడల మధ్యకు చేరినప్పుడు, ముందుగా కోల్పోయేది ఆ కదలికనే.

బాల న్యాయ (బాలల సంరక్షణ, రక్షణ) చట్టం, 2015 ప్రకారం 18 ఏళ్లు నిండని వారిని పోలీసు లాకప్‌లో గాని, జైలులో గాని ఉంచరాదు. వారిని బాల న్యాయ మండలి ఎదుట హాజరుపరచాలి. బెయిలు లభించని సందర్భంలో విచారణ ముగిసే వరకు మండలి వారిని పరిశీలన గృహంలో ఉంచుతుంది. విచారణ అనంతరం అవసరమైతే గరిష్ఠంగా మూడేళ్లకు మించకుండా ప్రత్యేక గృహానికి పంపవచ్చు. చట్టం వీరిని నేరస్తులుగా పేర్కొనలేదు. "చట్టంతో విభేదించిన బాలలు" అనే మాటను వాడింది. ప్రతి బాలుని, బాలికను నిర్దోషిగానే భావించి వ్యవహరించాలన్నది చట్టంలోని మౌలిక సూత్రాల్లో మొదటిది.

సొంత ఊరికి దూరంగా, తెలియని వారి మధ్య, ఇంటికి ఎప్పుడు వెళ్తామో తెలియని స్థితిలో గడిపే రోజులు పిల్లల నిద్రను, ఆకలిని, మనఃస్థితిని దెబ్బతీస్తాయి. ఇంట్లో కోయ భాష మాట్లాడే బాలునికి గృహంలోని మాట సైతం పూర్తిగా అర్థం కాకపోవచ్చు. కళ్లతో చూసి చేయగలిగిన పని కనుక, అటువంటి బాలుడు తొలి రోజు నుంచే తోటివారితో సమానంగా పాల్గొనగలిగే కార్యక్రమాల్లో వ్యాయామం ముఖ్యమైనది.

జాతీయ నేర గణాంక సంస్థ నివేదికల ప్రకారం దేశంలో బాలలపై నమోదైన కేసులు 2021లో 31,170 కాగా 2022లో 30,555. పట్టుబడిన వారిలో అత్యధికులు 16 నుంచి 18 ఏళ్ల మధ్య వయస్కులు. శరీరం వేగంగా ఎదిగే దశ కూడా ఇదే.

చట్టం ఏమి నిర్దేశిస్తున్నది

తెలుగు ప్రాంతాల్లో బాలల కోసం ప్రత్యేక చట్టాల చరిత్ర శతాబ్ద కాలం నాటిది. ఆంధ్ర ప్రాంతంలో 1920 నాటి మద్రాసు బాలల చట్టం, తెలంగాణలో 1951 నాటి హైదరాబాదు బాలల చట్టం అమలులో ఉండేవి. అనంతరం 1986లో దేశవ్యాప్తంగా వర్తించే బాల న్యాయ చట్టం వచ్చింది. 2000 సంవత్సరపు చట్టం బాలుర వయోపరిమితిని 16 నుంచి 18 ఏళ్లకు పెంచింది. నేడు అమలులో ఉన్న 2015 చట్టం 2016 జనవరి 15 నుంచి అమలులోకి వచ్చింది.

ఈ చట్టంలోని 53వ సెక్షన్ సంస్థల్లోని బాలలకు అందించవలసిన సేవల్లో ఆహారం, వైద్యం, విద్య, వృత్తి నైపుణ్యాలతో పాటు క్రీడలు, సాంస్కృతిక కార్యక్రమాలతో కూడిన వినోదాన్ని చేర్చింది. 2016 ఆదర్శ నియమాలు గృహాల దినచర్యలో శారీరక వ్యాయామం, యోగా, ఆటలు ఉండాలని పేర్కొన్నాయి. 50 మంది బాలలుండే సంస్థకు సూచించిన సిబ్బంది పట్టికలో వ్యాయామ, యోగా శిక్షకుడు ఒకరు ఉన్నారు. బాలల సంఖ్యకు తగిన ఆట స్థలం ఉండాలని కూడా నియమాలు సూచిస్తున్నాయి.

1990 డిసెంబరు 14న ఐక్యరాజ్య సమితి సాధారణ సభ ఆమోదించిన నియమావళి, స్వేచ్ఛ కోల్పోయిన ప్రతి బాలునికి వాతావరణం అనుకూలించినప్పుడల్లా ఆరుబయట రోజూ వ్యాయామం చేసే హక్కు ఉందని ప్రకటించింది. 5 నుంచి 17 ఏళ్ల వయసు వారికి రోజుకు సగటున కనీసం 60 నిమిషాల మధ్యస్థ లేదా తీవ్రస్థాయి శారీరక శ్రమ అవసరమని, వారానికి కనీసం మూడు రోజులు కండరాలను, ఎముకలను బలపరిచే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఈ సూచన అందరు పిల్లలకూ వర్తిస్తుంది. సంరక్షణలో ఉన్న బాలుడు దీనికి మినహాయింపు కాదు.

2014లో పోలవరం ముంపు పరిధిలోని పూర్వపు ఖమ్మం జిల్లా మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయినందున, ఈ అటవీ ప్రాంతంలోని ఇరుగుపొరుగు గ్రామాల పిల్లలు రెండు రాష్ట్రాల మండళ్ల పరిధిలోకి రావచ్చు. బాల న్యాయ చట్టం కేంద్ర చట్టం అయినందున సరిహద్దుకు ఇరువైపులా చట్టపరమైన హక్కు ఒక్కటే.

గుంజీలు: ఎప్పుడు వ్యాయామం, ఎప్పుడు నేరం

ఉదయం పూట పిల్లలంతా కలిసి 20 గుంజీలు తీస్తే అది తొడ కండరాలకు మంచి వ్యాయామం. భోజనాల వరుసలో గొడవ పడినందుకు ఒక బాలునితో అవే 20 గుంజీలు తీయిస్తే అది శారీరక దండన. చేసే పని ఒక్కటే అయినా చేయించే ఉద్దేశం దాని స్వభావాన్ని మార్చివేస్తుంది. తప్పుకు ప్రతిగా గాని, క్రమశిక్షణ నేర్పడానికి గాని, సంస్కరించడానికి గాని ఉద్దేశపూర్వకంగా నొప్పి కలిగించే దండనను చట్టం 2వ సెక్షన్‌లోని 24వ క్లాజు శారీరక దండనగా నిర్వచించింది. "బాగుపడతాడనే చేయించాం" అన్న సమాధానం ఈ నిర్వచనం ముందు నిలవదు.

82వ సెక్షన్ ప్రకారం బాలల సంరక్షణ సంస్థలో పనిచేసే వారు క్రమశిక్షణ పేరిట శారీరక దండన విధిస్తే మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, ఆ తరువాత జరిగే ప్రతి నేరానికి మూడు నెలల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ విధించవచ్చు. నేరం రుజువైన ఉద్యోగిని సర్వీసు నుంచి తొలగించడం, బాలలతో నేరుగా పనిచేయకుండా నిషేధించడం కూడా ఇదే సెక్షన్‌లో ఉంది. అది క్రూరత్వం స్థాయికి చేరితే 75వ సెక్షన్ కింద, సంరక్షణ బాధ్యత గల సంస్థ ఉద్యోగికి ఐదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

ఇందుకు మరో పార్శ్వం కూడా కలదు. అల్లరి చేసిన బాలుని మైదానానికి రానీయకుండా గదిలో కూర్చోబెట్టడం పైకి మృదువైన చర్యగా కనిపిస్తుంది. కాని దినచర్యలో భాగంగా నియమాలు నిర్దేశించిన గంటను బహుమతిగానో, శిక్షగానో వాడుకోవడం మొదలైతే ఆ గంట హక్కుగా మిగలదు. మైదానంలో ఘర్షణ జరిగితే ఆ బాలుని కొద్దిసేపు పక్కకు తీసుకువెళ్లి మాట్లాడవచ్చు. మరునాటి గంటను మాత్రం అతనికి తప్పించరాదు.

స్వచ్ఛంద సేవకుని స్థానం

గృహంలోని సూపర్‌వైజరు, ప్రొబేషన్ అధికారి, ఉపాధ్యాయుడు, వంట సిబ్బంది, ఎవరైనా ఈ బాధ్యతకు ముందుకు రావచ్చు. కబడ్డీ ఆడిన అనుభవం, యోగా అభ్యాసం, పరుగు అలవాటు ఉన్నవారు ప్రతి కార్యాలయంలోనూ కనిపిస్తారు. అయితే ఉత్సాహం ఒక్కటే చాలదు. ఈ సేవ నిలకడగా, సురక్షితంగా సాగడానికి కింది అంశాలను సంస్థ ముందుగా ఖరారు చేసుకోవాలి.

మొదటిది, లిఖితపూర్వక అనుమతి. ఏ రోజుల్లో, ఏ వేళల్లో, ఎవరు నిర్వహిస్తారో సూపరింటెండెంటు ఉత్తర్వులో ఉండాలి. ఆ సమయంలో సేవకుని సాధారణ విధిని ఎవరు చూస్తారో కూడా అందులోనే పేర్కొనాలి. లేనిపక్షంలో గేటు వద్ద ఒక మనిషి తక్కువైన మొదటి రోజునే వ్యాయామం ఆగిపోతుంది.

రెండవది, ఇద్దరు పెద్దల నియమం. వ్యాయామం చేయించే వ్యక్తి పిల్లలతో ఎన్నడూ ఒంటరిగా ఉండరాదు. మరో ఉద్యోగి కనిపించే దూరంలో ఉండాలి. మూసిన గదుల్లో కాక నలుగురికీ కనిపించే చోటనే కార్యక్రమం జరగాలి. ఈ ఏర్పాటు పిల్లలకు రక్షణ. నిందారోపణల నుంచి ఉద్యోగికీ రక్షణ.

మూడవది, శిక్షణ. ప్రథమ చికిత్స, వడదెబ్బ లక్షణాలు, వయసుకు తగిన వ్యాయామాల గురించి సేవకునికి కనీస శిక్షణ ఇప్పించాలి. అర్హత గల శిక్షకుని పర్యవేక్షణ లేకుండా బరువులు ఎత్తించడం వంటివి చేయించరాదు.

నాలుగవది, పోస్టు భర్తీ. స్వచ్ఛంద సేవ శిక్షకునికి తోడుగా ఉండాలే తప్ప, శిక్షకుని పోస్టును ఖాళీగా ఉంచడానికి కారణం కారాదు. ఒక ఉద్యోగి బదిలీతో ఆగిపోయే కార్యక్రమం పిల్లలకు మరో నిరాశనే మిగులుస్తుంది. కనీసం ఇద్దరు సేవకులు వంతులవారీగా నిర్వహిస్తే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

పిల్లల అభిప్రాయానికి కూడా చట్టంలో స్థానం ఉంది. ఆరేళ్లు పైబడిన బాలలున్న ప్రతి సంస్థలో బాలల సంఘాలు ఏర్పడేలా చూడాలని 53వ సెక్షన్ చెబుతున్నది. దినచర్య తయారీలో ఈ సంఘాలకు భాగస్వామ్యం ఉండాలని, తోటివారి నుంచి గాని, సంరక్షకుల నుంచి గాని వేధింపులు ఎదురైతే తెలియజేసే అవకాశం ఉండాలని నియమాలు పేర్కొన్నాయి. ఏ ఆట ఆడాలో, ఏ వేళ అనుకూలమో పిల్లలనే అడగడం ఇందుకు సులువైన ఆరంభం.

గంట ఎలా సాగాలి

ఖరీదైన పరికరాలేవీ అవసరం లేదు. మొదటి పది నిమిషాలు నడక, మెల్లని పరుగు, కీళ్లను కదిలించే కదలికలు. తరువాతి 15 నిమిషాలు సొంత శరీర బరువుతో చేసే దండీలు, గుంజీలు, గెంతులు. అనంతరం 25 నిమిషాలు ఆట. చివరి పది నిమిషాలు కండరాలను సాగదీయడం, శ్వాసపై ధ్యాస నిలపడం. కొత్తగా వచ్చిన వారికి సగం మోతాదుతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో క్రమంగా పెంచాలి. వరుసలో నిలబెట్టి లెక్క తప్పిన వారిని మళ్లీ చేయించే కవాతు పద్ధతి ఇక్కడ పనికిరాదు. అలసిన వారు ఆగవచ్చునని మొదటి రోజే స్పష్టంగా చెప్పాలి.

ఆటల్లో కబడ్డీకి ఈ గృహాల్లో ప్రత్యేక ప్రయోజనం ఉంది. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల నేల, గీతలకు సున్నం ఉంటే చాలు. జట్టుకు ఏడుగురు. కూత 30 సెకన్లు. ఒకరినొకరు పట్టుకొని ఆపే ఈ ఆటలో బలాన్ని నియమానికి లోబరచడం అలవడుతుంది. ఔటైన ఆటగాడు తన జట్టు ప్రత్యర్థిని ఔట్ చేసినప్పుడు తిరిగి లోపలికి వస్తాడు. బయటకు వెళ్లిన వానికి తిరిగి వచ్చే దారి ఉంటుందన్న ఈ నియమం పిల్లలకు వేరుగా వివరించవలసిన పని లేదు. దెబ్బల నుంచి కోలుకుంటున్న వారికి, శరీర స్పర్శ ఇష్టపడని వారికి ఖోఖో, పరుగు, యోగా వంటివి ఎంచుకునే వీలు కల్పించాలి. బాలికల గృహాల్లో మహిళా సిబ్బందే ఈ బాధ్యత వహించాలి.

ఆరోగ్యపరమైన జాగ్రత్తలు

గృహంలో చేరిన 24 గంటల్లోగా వైద్య పరీక్ష, ఆపై ప్రతి నెలా పరీక్షించి వైద్య రికార్డు నిర్వహణ ఉండాలన్నది నియమం. ఈ రికార్డు చూడకుండా ఎవరినీ మైదానంలోకి దింపరాదు.

ఏజెన్సీ ప్రాంతం నుంచి వచ్చిన బాలల విషయంలో సికిల్ సెల్ వ్యాధిని ప్రత్యేకంగా గమనించాలి. వంశపారంపర్యంగా వచ్చే ఈ వ్యాధిలో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి రక్తనాళాల్లో ప్రవాహాన్ని అడ్డుకుంటాయి. ఒంట్లో నీరు తగ్గడం, మితిమీరిన శ్రమ తీవ్రమైన నొప్పులకు దారితీయవచ్చు. వ్యాధి లేకుండా జన్యువును మాత్రమే మోసే వారిలో కూడా, ఎండలో విరామం లేకుండా చేసే కఠిన శ్రమ అరుదుగా ప్రాణాపాయం కలిగిస్తుంది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వారిలో ఏడు కోట్ల మందికి పరీక్షలు జరపాలన్న లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించింది. అందులోని 17 రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి. బాలునికి ఈ పరీక్ష జరిగిందో లేదో వైద్యాధికారి నమోదు చేయాలి. వ్యాధి ఉన్నంత మాత్రాన ఆట నిషేధం కాదు. వైద్యుని సలహా మేరకు తేలికపాటి వ్యాయామం, తరచు నీరు, విశ్రాంతి సరిపోతాయి.

రక్తహీనత, ఇటీవలి మలేరియా జ్వరం కారణంగా నీరసించిన వారికి కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాల్లో వేసవి ఎండలు తీవ్రంగా ఉంటాయి. ఏప్రిల్, మే మాసాల్లో వ్యాయామాన్ని సూర్యోదయ వేళకు మార్చడం, మైదానంలోనే తాగునీరు ఉంచడం తప్పనిసరి.

ఇతర దేశాల అనుభవం

యువ ఖైదీలకు వ్యాయామం కొత్త ఆలోచన కాదు. ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో బోర్స్టల్ అనే గ్రామంలో 1902లో మొదలైన విధానంలో వ్యాయామానికి, కఠిన క్రమశిక్షణకు పెద్దపీట వేశారు. ఆ నమూనాపైనే మద్రాసు రాష్ట్రంలో 1925 నాటి బోర్స్టల్ పాఠశాలల చట్టం రూపొందింది. ఇంగ్లండు 1982 చట్టంతో ఆ విధానానికి స్వస్తి పలికింది. ఆనాటి ఆలోచనలో వ్యాయామం బాలుని దారికి తెచ్చే సాధనం. నేటి చట్టంలో అది బాలునికి సంస్థ అందించవలసిన సేవ.

2018లో బ్రిటన్ న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ప్రొఫెసర్ రోజీ మీక్ జైళ్లలో క్రీడలపై సమగ్ర సమీక్ష జరిపారు. క్రీడలను విద్య, ఆరోగ్యం, విడుదల అనంతర పునరావాసంతో అనుసంధానం చేయాలని అందులో సిఫార్సు చేశారు. పెద్దలను ఉంచే హేవరిగ్ జైలులో 2017 నవంబరులో మొదలైన వారాంతపు ఐదు కిలోమీటర్ల పరుగులో ఖైదీలతో పాటు సిబ్బంది కూడా పాల్గొన్నారు. యూనిఫాంలోని ఉద్యోగి పక్కన పరుగెత్తడం ఇరుపక్షాల మధ్య మాట కలిసే అవకాశాన్ని కల్పిస్తుంది.

ఇంటికి చేరిన తరువాత

గృహంలో గడిపే కాలం ఎంత తక్కువైతే అంత మంచిదన్నది చట్టం ఉద్దేశం. సంస్థలో ఉంచడం చివరి మార్గంగానే ఉండాలని అది చెబుతున్నది. కాబట్టి వ్యాయామ గంట ఫలితం గేటు బయట కూడా కొనసాగాలి. ప్రతి బాలునికి తయారుచేసే వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికలో అతని క్రీడాసక్తిని నమోదు చేస్తే, ప్రొబేషన్ అధికారి తదుపరి సంప్రదింపుల్లో అది ఉపయోగపడుతుంది. ములకలపల్లికి పొరుగున ఉన్న పాల్వంచ మండలం కిన్నెరసానిలో గిరిజన బాలల క్రీడా పాఠశాల ఉంది. అందరూ అక్కడికి వెళ్లలేరు. ఊరి పాఠశాల మైదానం, గ్రామ యువకుల కబడ్డీ జట్టు సైతం తిరిగి వచ్చిన బాలుని నిలబెట్టగలవు.

భవిష్యత్తు గురించి బాలలకు ఉండే భయాన్ని కూడా తొలగించవలసి ఉంది. 2022 తెలంగాణ పోలీసు కానిస్టేబుల్ నియామకాల్లో పురుషులకు 1600 మీటర్ల పరుగు పరీక్ష ఉండేది. అటువంటి పరుగుకు సిద్ధం కావాలనుకునే బాలుడు, తన పేరు మీద కేసు ఉన్నందున ఇక ప్రయోజనం లేదని అనుకోవచ్చు. బాల న్యాయ చట్టం కింద విచారణ ముగిసిన బాలునికి ఆ కారణంగా ఎటువంటి అనర్హత కలగరాదని 24వ సెక్షన్ స్పష్టం చేస్తున్నది. 16 ఏళ్లు నిండి, హేయమైన నేరంపై పెద్దవారి వలె విచారణకు గురై దోషిగా తేలిన వారికి మాత్రమే ఈ రక్షణ వర్తించదు. ఈ విషయాన్ని బాలలకు, వారి తల్లిదండ్రులకు వారికి తెలిసిన భాషలో వివరించాలి.

తనిఖీ అధికారులకు, పాత్రికేయులకు

54వ సెక్షన్ ప్రకారం తనిఖీ సంఘాలు మూడు నెలలకు ఒకసారైనా ప్రతి సంస్థను సందర్శించాలి. బృందంలో ముగ్గురికి తగ్గకుండా సభ్యులు, వారిలో కనీసం ఒక మహిళ, ఒక వైద్యాధికారి ఉండాలి. దినచర్య పట్టిక గోడపై ఉన్నంత మాత్రాన వ్యాయామం జరుగుతున్నట్లు భావించరాదు. హాజరు రిజిస్టరులో గత నెలలో ఎన్ని రోజులు కార్యక్రమం జరిగింది, జరగని రోజులకు కారణమేమిటి, ఎవరు ఎందుకు పాల్గొనలేదు, గాయాల నమోదు ఉన్నదా అన్నవి పరిశీలించాలి. సిబ్బంది లేని చోట బాలలతో విడిగా మాట్లాడి, మైదానంలో ఏమి జరుగుతున్నదో తెలుసుకోవాలి.

ఈ కార్యక్రమాలపై వార్తలు రాసే పాత్రికేయులు 74వ సెక్షన్‌ను దృష్టిలో ఉంచుకోవాలి. బాలల పేరు, చిరునామా, పాఠశాల, గుర్తింపునకు దారితీసే ఏ వివరమూ ప్రచురించరాదు. ఉల్లంఘనకు ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. ముఖం కనిపించకుండా తీసిన ఫొటోలో సైతం ఊరి పేరు, తెగ పేరు, కేసు వివరం తోడైతే చిన్న గ్రామంలో ఆ బాలుడెవరో అందరికీ తెలిసిపోతుంది. స్వచ్ఛందంగా పనిచేసే ఉద్యోగి సేవను ప్రశంసిస్తూ రాసే వార్తకూ ఈ నిబంధన వర్తిస్తుంది. ఖాళీ మైదానం, సున్నపు గీతలు, సేవకుని మాటలు ఆ వార్తకు సరిపోతాయి.